పెచ్చు కింద

“దిగి చూడకుండా ఏమీ లేదని రాసెయ్యకు.” నెబ్రాస్కాలో చలిగాలి చెవులు కోస్తున్న ఒక పొద్దున మా సీనియర్ ఆపరేటర్ నన్నన్న మాట ఇది. పక్కనే రైల్వే పైలట్, అంటే పట్టాల మీద మాకు దారి చూపడానికి రైల్వే పంపిన మనిషి, కూడా ఉన్నాడు. అతని ముందు అన్నందుకే ఎక్కువ మండింది.

మా బండి చూడ్డానికి మామూలు ట్రక్కే. గేటు దాకా రోడ్డు మీద వచ్చి, అక్కడ ఇనప చక్రాలు దించుకుని పట్టాలెక్కుతుంది. వెనక నీళ్లు చిమ్ముతూ చిన్న చక్రాలు కొన్ని పట్టా మీద దొర్లుతుంటాయి. వాటిలోంచి అల్ట్రాసోనిక్ తరంగాలు పట్టాలోకి దిగి, పట్టా అడుగు తగిలినా, మధ్యలో పగులు తగిలినా వెనక్కొస్తాయి. బోల్టు రంధ్రానికి ఒక రకం గీత, పగులుకి ఇంకో రకం. పొద్దస్తమానం ఆ గీతలు చదవడమే నా పని. ఆ రోజు ఒకచోట పట్టా అడుగు నుంచి రావాల్సిన గీత తెగిపోయింది. పైన పెచ్చులూడి ఉంటుంది, పోనిద్దాం అన్నాను. బండి ఆపి వెనక్కి నడిపారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పట్టా గుడ్డతో తుడిచి, చేతి ప్రోబ్ అటూ ఇటూ జరుపుతూ అరగంట చూశాడు. పెచ్చే. కింద ఏమీ లేదు.

మరి నేను చెప్పిందే నిజమైంది కదా? అయినా చీవాట్లు నాకే. మన దగ్గరైతే కనీసం “సరేలేవయ్యా” అని ఒక టీ అయినా ఇప్పిస్తారు. ఈయన ఫ్లాస్కు తీసి కాఫీ తనొక్కడే పోసుకున్నాడు.

రెండు రోజులు అదే నమిలాను. మా నాన్న డోర్నకల్ వైపు కీమ్యాన్‌గా రిటైరయ్యాడు. సుత్తి, స్పానరు, ఎర్రజెండాలు మోసుకుంటూ వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ రోజూ బీటంతా నడిచేవాడు. ఆయన కొడుకుకి వీళ్లు పట్టాల గురించి చెప్పాలా?

కానీ ఈ వాదన ఎంతో దూరం నడవలేదు. 1911 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర పట్టా విరిగి రైలు పడిపోతే 29 మంది పోయారు. ఆ పగులు పట్టా లోపలే పుట్టి పెరిగింది, ఎంతమంది నడిచినా కంటికి దొరకదు. అలాంటివి పట్టడానికే 1928లో ఎల్మర్ స్పెర్రీ పట్టాలోకి కరెంటు పంపి పరీక్షించే బండిని తెచ్చాడు. మా బండి దాని మనవడనుకోండి. దీనికీ ఒక గుడ్డితనం ఉంది. పెచ్చు దగ్గర తరంగం లోపలికి పోదు, దాని కింద పగులున్నా తెరమీద కనిపించదు. పైగా పగులు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. ఇదంతా నేను ట్రైనింగ్‌లో చదివి పాసైందే. ఆ రోజు చలికి దిగబుద్ధి కాలేదు, అదీ అసలు సంగతి. అయినా పైలట్ ముందు అనకుండా ఉండాల్సింది.

ఆదివారం నాన్నకి ఫోన్‌లో అంతా చెప్పాను. నా వైపు మాట్లాడతాడనుకున్నా. అంతా విని, “ఏరా, బ్లాక్ ఎంతసేపు ఇచ్చిండ్రు?” అన్నాడు. బ్లాక్ అంటే పట్టాల మీద పని కోసం రైళ్లు ఆపి ఇచ్చే టైము.

“మూడు గంటలు నాన్నా.”

“మూడు గంటలా!” అని, అమ్మని పిలిచి మరీ చెప్పాడు.