రొయ్యల ఐసు పెట్టెలో లేహ్ చలి: బ్యాటరీ హీటర్ లాగ్, మూడో విడత

నెల్లూరు జనవరి చలి అంటే తెల్లారుజామున 20 డిగ్రీలకు అటూ ఇటూ. దానికి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఏమీ చలించదు. అందుకని లేహ్ లాంటి చలిలో చార్జింగ్‌కి ముందు బ్యాటరీని హీటర్‌తో ఎలా వేడి చేయాలో చూడ్డానికి, చలిని పెట్టెలోనే తయారు చేస్తున్నాం: రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె, నలగ్గొట్టిన ఐసు 10 కిలోలు, రాళ్ల ఉప్పు 3 కిలోలు. ఉత్త ఐసు సున్నా దగ్గరే ఆగిపోతుంది, ఉప్పు పడితేనే మైనస్‌లోకి దిగుతుంది. మధ్యలో గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో 100 ఆంపియర్-అవర్ సెల్స్ నాలుగు. రాత్రి పెడితే పొద్దున్నకి మైనస్ 10.

ఆ చలిలో చార్జింగ్ ఇస్తే లిథియం సెల్ నెగటివ్ వైపున్న గ్రాఫైట్‌లోకి చప్పున దూరలేదు. చార్జరేమో తోస్తూనే ఉంటుంది. దూరలేనిది పైపైన లోహంగా పేరుకుంటుంది, ఆ మేరకు కెపాసిటీ పోయినట్టే. డిశ్చార్జికి ఇంత గొడవ లేదు. లేహ్‌లో కారు కదులుతుంది గానీ ప్లగ్ పెట్టగానే చార్జింగ్ ఎక్కదంటే కారణం ఇదే, ముందు హీటర్ పని కావాలి.

హీటర్ లెక్క: ఒక్కో సెల్ సుమారు 2 కిలోలు, మొత్తం 8. డిగ్రీకి దాదాపు 8 కిలోజూల్స్. మైనస్ 10 నుంచి 10కి తేవాలంటే 160. రెండు 20 వాట్ల సిలికాన్ ప్యాడ్లతో కాగితం మీద 67 నిమిషాలు. ఐసులోనే ఉంచి చేస్తే పట్టింది 1 గంట 50 నిమిషాలు, మిగతా వేడంతా ఐసు తాగేసింది. 250 కిలోల కారు ప్యాక్‌కి ఇదే లెక్క వేస్తే 1.4 యూనిట్లు. 3.3 కిలోవాట్ల సాకెట్ మీద అది చిన్న ఖర్చేం కాదు.

గత విడతలో తప్పు సెన్సార్ దగ్గర జరిగింది. ఎన్‌టీసీని (వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే సెన్సార్) ప్యాడ్ పక్కనే అంటించాం. అది 10 చూపించగానే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగ్‌కి దారి ఇచ్చేసింది, అప్పటికి మధ్య సెల్స్ ఇంకా మైనస్ 3లో ఉన్నాయి! ఈసారి రెండో, మూడో సెల్స్ మధ్య, ప్యాడ్లకి బాగా దూరంగా పెట్టాం. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపే ఎన్‌టీసీ, బీటా (వేడితో నిరోధం ఎంతగా మారుతుందో చెప్పే అంకె) 3950 అయితే, సున్నా దగ్గర 32 దాటి చూపాలి. మీటర్ పెట్టి చూశాకే అంటించండి.

థర్మోస్టాట్: డబ్ల్యూ1209 అనే చిన్న బోర్డు, పీ0ని హెచ్‌లో (వేడి చేసే పద్ధతి) పెట్టి, సెట్ 10, పీ1 (సెట్ కంటే ఎన్ని డిగ్రీలు తగ్గితే మళ్లీ ఆన్ కావాలో) 5. ప్యాడ్లకి కరెంటు విడి 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి. చార్జర్ మీద ఆధారపడితే చిక్కే: బీఎంఎస్ చార్జింగ్ కట్ చేశాక కొన్ని చార్జర్లకి బ్యాటరీ కనిపించదు, అవుట్‌పుట్ ఆపేస్తాయి, హీటర్ కూడా చల్లారిపోతుంది.

ఇంకొకటి, ఇది పూర్తిగా మన ఊరి సమస్య. చల్లటి సెల్స్ బయటికి తీస్తే సముద్రపు గాలి తేమకి టెర్మినల్స్ మీద నీళ్లు బొట్లు కడతాయి, బస్‌బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) నట్ల కింద కూడా. డబ్బా మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లోపల సిలికా జెల్ సంచులు రెండు వేయాలి.

తర్వాతి విడతకి సెల్స్ మధ్య 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకులు, వేడి లోపలిదాకా త్వరగా పాకడానికి. సెల్ డబ్బా కూడా అల్యూమినియమే, చాలావాటిలో పాజిటివ్‌కి ఆని ఉంటుంది, కాబట్టి రేకుకి రెండు వైపులా కాప్టన్ టేపు (వేడిని తట్టుకుని కరెంటు పారనివ్వని టేపు) అంచులు దాటేలా చుట్టాలి.