పాడైపోయిన రార్ ఫైళ్లు లినక్స్‌లో బల్క్‌గా రిపేర్ చేసి బయటికి తీసిన నా అనుభవం

మా బాబాయ్ గారు ఊళ్లో జరిగిన హరికథలు, బుర్రకథలు ఏళ్ల తరబడి క్యాసెట్ల మీద రికార్డ్ చేశారు, తర్వాత వాటిని వేవ్ ఫైళ్లుగా మార్చి రార్ (కుదించి కట్టిన ఆర్కైవ్) ముక్కలు చేసి పక్కనే పార్2 ఫైళ్లు (పాడైన భాగాన్ని తిరిగి నింపడానికి పనికొచ్చే అదనపు డేటా) కూడా పెట్టి డీవీడీల్లో ఎక్కించారు. ఒక సెట్ మా ఇంట్లో, ఇంకోటి అత్తయ్య వాళ్లింట్లో ఉంది. ఇప్పుడు రెండు సెట్లూ అక్కడక్కడా రీడ్ అవ్వట్లేదు. అందులో పాడినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు, అందుకే ఒక్క పాట కూడా పోకూడదని గట్టిగా అనుకున్నా.

ముందు డిస్కు నుంచి కాపీ చేసుకోవడం దగ్గరే సగం పని ఉంది. ఫైళ్లు కాపీ చేసే మామూలు సీపీ కమాండ్ అయితే చదవలేని చోటు తగలగానే ఆ ఫైల్ అక్కడికి వదిలేస్తుంది, దాని తర్వాత ఉన్న మంచి భాగం కూడా మనకి రాదు. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే టూల్ అలా కాదు, చదవగలిగినదంతా ముందు లాగేసుకుని చెడ్డ సెక్టార్ల జోలికి చివర్లో వెళ్తుంది, ఏది వచ్చిందో ఏది రాలేదో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. డీవీడీకి సెక్టార్ సైజ్ 2048 అని ఇవ్వాలి. వచ్చిన ఇమేజ్‌ని (డిస్కు మొత్తం నకలు ఉన్న ఫైల్) మౌంట్ చేసుకుంటే, అంటే ఫోల్డర్‌లా తెరుచుకుంటే చాలు.

ఇక ఫోల్డర్లన్నిటినీ వరసగా చూసుకునే బాష్ స్క్రిప్ట్ (కమాండ్లు రాసిపెట్టిన ఫైల్). ఒక్కో ఫోల్డర్‌లో ముందు పార్2 వెరిఫై నడుస్తుంది, అది ఇచ్చే ఎగ్జిట్ కోడ్ (పని ముగిశాక ప్రోగ్రామ్ ఇచ్చే నంబర్) బట్టే మిగతాదంతా. 0 అంటే అన్నీ బాగున్నాయి, 1 అంటే పాడైంది కానీ రిపేర్ చేయొచ్చు, 2 అంటే పాడైనదాన్ని నింపే రికవరీ బ్లాకులు సరిపోవు. 0 అయితే నేరుగా ఎక్స్‌ట్రాక్ట్, 1 అయితే రిపేర్ చేసి ఎక్స్‌ట్రాక్ట్, 2 అయితే ఆ ఫోల్డర్ పేరు విడిగా ఒక ఫైల్‌లో రాసి ముందుకెళ్లిపోవడం. స్క్రీన్ మీద వచ్చే మెసేజ్‌ని గ్రెప్ చేసే (అందులో మాటలు వెతికే) స్క్రిప్టులు చాలా చూశాను, వెర్షన్ మారి ఆ వాక్యం మారిందంటే అవి పనిచేయవు, కోడ్ నమ్ముకోవడమే మేలు.

రార్ ఫైళ్లు విప్పే అన్‌రార్‌కి మొదటి ముక్క ఒక్కటే ఇవ్వాలి, మిగతావి అదే వెతుక్కుంటుంది. లూప్‌లో పెట్టేటప్పుడు దాని ఇన్‌పుట్‌ని డెవ్ నల్‌కి (చదివితే ఏమీ రాని ఖాళీ ఫైల్) కలపడం తప్పనిసరి, ఎందుకంటే ఏదైనా ముక్క కనపడకపోతే అది మనల్ని ప్రశ్న అడిగి కూర్చుంటుంది, పైగా ఫైల్ పేర్లు ఒక్కొక్కటిగా చదివే వైల్ రీడ్ లూప్ అయితే జవాబు కింద తర్వాత రావాల్సిన ఫైల్ పేర్లని మింగేస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్ ఎప్పుడూ ఒక టెంపరరీ ఫోల్డర్‌లోకే, కోడ్ 0 వస్తేనే అసలు చోటికి ఎంవీ (అంటే మార్చడం). ఒరిజినల్ ముక్కల్ని మాత్రం స్క్రిప్ట్ చేత డిలీట్ చేయించొద్దు, అది మనమే చూసుకుని చేయాల్సిన పని.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ 2 కోడ్ వచ్చిన ఫోల్డర్ల సంగతి. ఇంకో 14 బ్లాకులు కావాలి అని పార్2 ఆగిపోయిన సెట్ ఒకటుంది, దానికి అత్తయ్య వాళ్ల డీవీడీ ఇమేజ్‌లో ఉన్న అవే ముక్కల్ని, అవి కూడా పాడైనవే, కమాండ్ చివర్లో అదనపు ఫైళ్లుగా ఇచ్చాను. పార్2 వాటినీ బ్లాక్ బ్లాక్‌గా వెతికి ఇక్కడ లేనివి అక్కడి నుంచి తీసుకుని, ఇంకా మిగిలిన ఖాళీల్ని రికవరీ బ్లాకులతో నింపి ఫైల్ పూర్తి చేసేసింది. రెండు డిస్కులు ఒకే చోట పాడవ్వడం అరుదు కదా, అందుకే ఇది ఇంత బాగా పనిచేస్తుంది. వెంటనే స్క్రిప్ట్‌లో రెండో ఇమేజ్ దారి కూడా కలిపేశాను, దాంతో విడిగా రాసిన లిస్టు చాలావరకు ఖాళీ అయిపోయింది.

అప్పటికీ రానివాటికి అన్‌రార్‌లో కేబీ అనే ఆప్షన్ వాడాను, సీఆర్‌సీ (ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) తప్పినా వచ్చినంతవరకు ఫైల్‌ని ఉంచుతుంది. సాలిడ్ ఆర్కైవ్ (ఫైళ్లన్నీ కలిపి ఒకే ముద్దగా కుదించేది) అయితే ఒకచోట దెబ్బ తగిలితే తర్వాతవన్నీ పోతాయి, బాబాయ్ సాలిడ్ పెట్టలేదు కాబట్టి బతికిపోయాం, ఒక బుర్రకథ మధ్యలో ఆగిపోతుంది కానీ పక్క ఫైళ్లు పూర్తిగా ఉన్నాయి.

ఇప్పుడు అన్నిటినీ ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా కుదించే ఆడియో ఫార్మాట్) మార్చి, 20 శాతం రికవరీతో కొత్త పార్2 సెట్లు చేస్తున్నా, మామూలుగా వచ్చే 5 శాతం ఇలాంటి వాటికి చాలదు. ఒక హార్డ్ డిస్క్ అత్తయ్య వాళ్లకి కూడా ఇస్తున్నా.