గ్నోమ్‌లో మొదటి యాప్: ముందు కిటికీ తెరుచుకోవాలి

లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ కోసం యాప్ రాయాలంటే పైథాన్, కిటికీలూ బటన్లూ ఇచ్చే లైబ్రరీ జీటీకే 4, వాటికి గ్నోమ్ రూపునిచ్చే లిబ్‌అద్వైత చాలు. సీ భాషతోనే మొదలుపెట్టాలన్న పట్టుదల అక్కర్లేదు.

ఉబుంటులో పైథాన్3-జీఐ, జీఐఆర్1.2-జీటీకే-4.0, జీఐఆర్1.2-ఏడీడబ్ల్యూ-1 అనే మూడు ప్యాకేజీలను ఆప్ట్‌ (ప్యాకేజీలు వేసే కమాండ్)తో వేసుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్) లోపల నడిపితే, పైథాన్‌ని జీటీకేతో కలిపే ‘జీఐ’ మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ఆప్ట్ వేసిన ప్యాకేజీలు దానికి మామూలుగా కనపడవు మరి. సిస్టమ్ పైథాన్‌తోనే నడపండి. కోడ్‌లో వెర్షన్ 4.0 కావాలని ముందు చెప్పి, ఆ తర్వాతే జీటీకేని ఇంపోర్ట్ చేయాలి.

యాప్‌ని గుర్తించే పేరు, అంటే యాప్ ఐడీని తేలిగ్గా తీసుకోవద్దు. డొమైన్ పేరును తిరగేసినట్టు, మధ్యలో చుక్కలతో ఉంటుంది. యాప్ పేరూ ఐకానూ మెనూకి తెలిపే డెస్క్‌టాప్ ఫైల్ పేరు కూడా అచ్చం అదే కావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా వేలాండ్‌ (తెరపై కిటికీలను చూపే వ్యవస్థ)లో మీ ఐకాన్ బదులు మామూలు బొమ్మ కనిపిస్తుంది.

కిటికీని, యాప్ మొదలైనప్పుడు వచ్చే ‘యాక్టివేట్’ సిగ్నల్ అందాకే సృష్టించి, ‘ప్రెజెంట్’ పిలవండి. అది మరిచిపోతే ఎర్రర్ ఏమీ రాదు, కిటికీ మాత్రం కనిపించదు. పాత జీటీకే 3 పాఠాల్లోని ‘షో ఆల్’, ‘ప్యాక్ స్టార్ట్’ ఇప్పుడు లేవు. విడ్జెట్లు (బటన్లు, లేబుళ్ల లాంటి భాగాలు) వాటంతటవే కనపడతాయి, వాటిని వరుసగా పేర్చే బాక్స్‌లో చేర్చడానికి ‘అపెండ్’ ఉంది.

బటన్ నొక్కగానే పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ చేయిస్తే కిటికీ బిగుసుకుపోతుంది, ఎందుకంటే క్లిక్‌లనూ తెరపై గీయడాన్నీ చూసేది ఒకే మెయిన్ లూప్ (ఒక్కో పనినీ వరుసగా చేస్తూ తిరిగే చక్రం). ఆ పనిని వేరే థ్రెడ్‌కి (పక్కన సమాంతరంగా నడిచే దానికి) ఇచ్చి, ఫలితాన్ని జీటీకేకి ఆధారమైన జీలిబ్ లైబ్రరీలోని ‘ఐడిల్ యాడ్’ ద్వారా వెనక్కి పంపండి. థ్రెడ్ నుంచి నేరుగా లేబుల్ మార్చారో, యాప్ ఎప్పుడు కూలుతుందో చెప్పలేం.