మూడున్నర రూపాయల వడ్డీ: క్రెడిట్ కార్డు రేటు పెరిగినప్పుడు నా అనుభవం

2024 దసరాల తరువాత మా అమ్మకు విశాఖపట్నంలో మోకాలి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. చేతిలో ఉన్న డబ్బు సరిపోక 65,000 రూపాయలు క్రెడిట్ కార్డు మీద చెల్లించాను. నెలనెలా బిల్లులో కనిపించే కనీస మొత్తాన్ని గడువు లోపలే కడుతున్నాను కనుక వ్యవహారం సజావుగానే నడుస్తోందని నమ్మాను. 2025 ఫిబ్రవరిలో బ్యాంకు నుంచి ఒక సందేశం వచ్చింది. వచ్చే బిల్లు నుంచి నెలసరి వడ్డీ 3.5 శాతం నుంచి 3.75 శాతానికి పెరుగుతుందని దాని సారాంశం. అదే నెలలో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుల మీద తీసుకునే వడ్డీని, 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించిందని పత్రికలో చదివి ఉన్నాను. కార్డు వడ్డీకి ఆ రేటుతో ముడి లేదని నాకు అప్పుడు తెలియదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే హిందీ, ఇంగ్లీషు, ఒడియా భాషలు మాత్రమే వినిపించాయి. 1936లో ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి అందులో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే మా బోటివాళ్ళం ఇక్కడ ఎందరమున్నా, బ్యాంకు యంత్రం పిన్ కోడును బట్టే భాషను నిర్ణయిస్తుంది కాబోలు. ఒడియాలోనే మాట్లాడాను. కొత్త రేటు అందరికీ వర్తిస్తుందని, నా ఒక్కడికి తగ్గించడం కుదరదని, కావాలంటే బాకీని నెలకు 1.5 శాతం వడ్డీతో వాయిదాలుగా మార్చుకోవచ్చని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

ఆ ఆదివారం పాతపట్నంలో మా మావయ్య ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆయన నలభై ఏళ్ళు ధాన్యం వ్యాపారం చేసిన మనిషి. శాతాల లెక్క ఆయనకు పట్టదు. "నూటికి నెలకు మూడున్నర అంటే మూడున్నర రూపాయల వడ్డీ కదరా అల్లుడూ! రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవాణ్ణే ఊళ్ళో జలగ అంటారు," అన్నారు. నాకు నోట మాట రాలేదు. రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అనుకునే ఇంట్లో పుట్టి, మూడు రూపాయలకు అప్పు తెచ్చినవాణ్ణి చూసి జాలిపడే నేను, అంతకన్నా ఎక్కువకు బాకీపడి కూడా ఐదు నెలలు నిశ్చింతగా ఉన్నాను. పెరిగిన పావలా గురించి గొడవపడుతున్నానే గాని, అంతకుముందున్న మూడున్నర నా కంట పడలేదు.

ఆ రాత్రి బిల్లులన్నీ ముందు వేసుకుని లెక్క కట్టాను. ఐదు నెలల్లో దాదాపు పదహారు వేలు చెల్లిస్తే అసలు తగ్గింది మూడు వేలు. మిగిలిన 62,000 మీద నెలకు వడ్డీ 2,170 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 390. కనీస మొత్తం బాకీలో 5 శాతం, అంటే 3,100. అందులో అసలుకు జమయ్యేది 540 మాత్రమే. రేటు పెరిగితే జీఎస్టీతో కలిపి అదనంగా పడేది నెలకు 183 రూపాయలు. బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదని అప్పుడే గమనించాను. ఆ నెలల్లో కార్డుతో ఇంకేమీ కొనకపోవడం నా అదృష్టం.

చట్టం ఏమైనా అడ్డుపడుతుందేమోనని వెతికాను. ముప్పై శాతానికి మించిన వార్షిక వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. అంటే నాకు రెండు నెలల ముందే ఆ తలుపు మూసుకుపోయింది. రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాలలో రుసుములు పెంచాలంటే కనీసం నెల రోజుల ముందు తెలియజేయాలని ఉన్నా, ఆ వాక్యంలోనే వడ్డీని మినహాయించారు. అయితే బాకీ మొత్తం తీర్చినవారు కార్డు రద్దు కోరితే ఏడు పనిదినాలలో రద్దు చేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలని కూడా అందులోనే ఉంది. నాకు పనికివచ్చింది ఇదొక్కటే.

వాయిదాల పద్ధతి రూపాయిన్నర వడ్డీ, దానిపై జీఎస్టీ, పైగా ముందే ప్రాసెసింగ్ రుసుము. మా ఆవిడ తన గొలుసు తీసి ఇచ్చింది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు, తనే ఇచ్చింది. ఊళ్ళోని మరో బ్యాంకులో దాని మీద 65,000 రూపాయలు ఏడాదికి 9 శాతానికి, అంటే ముప్పావలా వడ్డీకి, ఒక్క పూటలో ఇచ్చారు. కార్డు వడ్డీ మీద ఉన్న జీఎస్టీ మామూలు రుణాల వడ్డీ మీద లేదని కూడా అక్కడే తెలిసింది.

బిల్లు వచ్చిన పదోరోజున 62,000 కట్టేసి, ఇక తీరిపోయిందనుకున్నాను. మరుసటి నెల సుమారు 850 రూపాయలకు ఇంకో బిల్లు వచ్చింది. బిల్లు తేదీ నుంచి నేను కట్టిన రోజు వరకు పడిన వడ్డీ అది. ఫోన్‌లో ఎవరూ ముందుగా చెప్పలేదు. దాన్నీ కట్టి, కార్డుకు ముడిపెట్టిన కరెంటు బిల్లు ఆటోపే తీసివేసి, రద్దు కోరుతూ ఈమెయిల్ పంపాను. ఎనిమిదో పనిదినం కూడా గడిచిపోవడంతో, ఆ 500 రూపాయల నిబంధనను ప్రస్తావిస్తూ ఫిర్యాదుల అధికారికి రాశాను. ముప్పై రోజుల్లో సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చని తెలుసుకుని ఆ మాట కూడా చేర్చాను. మర్నాడే కార్డు రద్దయినట్లు, బాకీ ఏమీ లేనట్లు ఉత్తరం వచ్చింది. ఆలస్యానికి రావలసిన డబ్బు మాత్రం మరొకసారి గుర్తు చేశాక గాని జమ కాలేదు.

గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. వీలైనప్పుడల్లా అసలులోకి కడుతుంటే ఇప్పటికి 18,000 మిగిలింది. దాని మీద నెలకు వడ్డీ 135 రూపాయలు.