గుహ బయట ఆగిన డ్రైవరు

యెరూషలేము యాత్రకని కూడబెట్టుకున్న డబ్బుతో మడగాస్కర్ వెళ్ళానంటే మా గుంటూరు సంఘంలో నవ్వారు. మా మేనల్లుడు అక్కడి రాజధాని అంటననారివోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు రమ్మన్నాడు, వెళ్ళాను.

చూడాలనుకున్నది ఆ ఊళ్ళోని అంబుహిపుత్సి కొండ. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మొదటి మలగాసీ (మడగాస్కర్) హతసాక్షి రసలామను 1837 ఆగస్టు 14న అక్కడే బల్లేలతో పొడిచి చంపారు. కీర్తనలు పాడుకుంటూ కొండెక్కిందట. ఇప్పుడక్కడ రాతి చర్చి ఉంది. చంపించింది మెరీనా తెగ రాణి మొదటి రానవలోనా. 1835లో క్రైస్తవ మతాన్ని నిషేధించిన మనిషి. విశ్వాసులు బైబిళ్ళను గోతుల్లో పాతిపెట్టుకుని, తాము అడవుల్లో, గుహల్లో దాక్కున్నారు.

"అత్తా, ఆ రాణికి భయపడి గుహల్లో దాక్కున్న జనం ఉత్తరాన ఇంకొకరున్నారు, ఆ చోటు చూస్తావా?" అన్నాడు మేనల్లుడు. అలా ఉత్తరానికి బయల్దేరాం. దూరం వెయ్యి కిలోమీటర్ల పైనే, సగం రోడ్డు గోతులే. నా నడుము సంగతి చెప్పను. డ్రైవరు మెరీనా మనిషి, తాతముత్తాతల నాటి నుంచి క్రైస్తవుడు. దారి పొడుగునా కీర్తనలు పాడుతూనే ఉన్నాడు. రెండు రాగాలు నాకూ తెలిసినవే, నేనూ తెలుగులో అందుకున్నాను.

అక్కడి జనం పేరు అంతంకరణ. మన అంతఃకరణకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. రాళ్ళ చోటి మనుషులని అర్థం. కత్తుల్లా నిలబడ్డ సున్నపురాతి శిఖరాలు, వాటి కింద మైళ్ళకొద్దీ గుహలు. రానవలోనా సైన్యం తరిమినప్పుడు వాళ్ళ రాజు త్సిమియారు జనంతో సహా ఆ గుహల్లో తలదాచుకున్నాడు. బతికి బయటపడితే ఇస్లాం పుచ్చుకుంటానని మొక్కుకున్నాడని చెబుతారు. తర్వాత నోసీ మిత్సియు దీవికి తప్పించుకుని, 1841లో ఫ్రెంచివాళ్ళతో ఒప్పందం రాసుకున్నాడు. మా గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు వచ్చింది 1842లో, అంటే ఆ మరుసటేడే.

ఆదివారం అంబిలుబేలో ఆగాం. తెల్లవారుజామున అజాన్, కాసేపటికి చర్చి గంట. ఆడవాళ్ళు రంగురంగుల లంబహువాని కట్టుకుని గుడికి వచ్చారు. ఆ బట్ట అంచున సామెత అచ్చేసి ఉంటుంది. పూర్వీకులకు చేసే ప్రార్థన, దాని పేరు జూరు, ముస్లింలైనా క్రైస్తవులైనా అది మానలేదని గైడు చెప్పాడు. రాచగ్రామం అంబతుహారననలో రెండు చెట్ల మానులు కలిపి కట్టి ధ్వజం నిలబెట్టే పండుగకు మతం అడ్డురాదట. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 1869లో అదే సింహాసనం మీదున్న రెండో రానవలోనా బాప్తిస్మం తీసుకుంది. దాంతో తరిమినవాళ్ళ మతమే క్రైస్తవమైంది. బైబిలు భాష కూడా మెరీనా వాళ్ళ మాట మీద కట్టిందే. ఉత్తరాదివాళ్ళ చెవికి దేవుడు కూడా శత్రువు యాసలోనే మాట్లాడాడు. సువార్త పనిచేసేవాళ్ళు ఇది మర్చిపోతారు. మాలపల్లెలో ఒక సంఘం, ఊళ్ళో ఒక సంఘం చూసి పెరిగినదాన్ని, నాకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు గుహ దగ్గర గైడు ఆగి డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు తలూపి చెట్టు కింద కూర్చున్నాడు. "మెరీనావాళ్ళు ఈ గుహల్లోకి రావడం ఫాడీ అట అత్తా," అన్నాడు మేనల్లుడు. ఫాడీ అంటే నిషేధం, పెద్దలు పెట్టింది. నాకు మనసొప్పలేదు. ఇన్ని దినాలు నాతో పాడుతూ వచ్చినవాడు కదా! లోపల గబ్బిలాల కంపు, చేతి దీపం వెలుగు దాటితే చీకటి. పసిపిల్లల్ని ఏడవకుండా ఇక్కడ ఎలా పట్టుకున్నారో అనుకున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూశాను గానీ మాట రాలేదు. బయటికొచ్చేసరికి డ్రైవరు మా కోసం అరటిపళ్ళు కొని ఉంచాడు.

తిరిగి దక్షిణానికి మళ్ళకుండా ఇంకాస్త పైకి, అనివురాను దగ్గరి అంతనావు చెరువు చూడ్డానికి వెళ్ళాం. ఒకప్పుడు అక్కడ ఊరుండేదట. దారినపోయే మనిషి దాహమని అడిగితే ఎవరూ నీళ్ళివ్వలేదు, ఒక్క ముసలమ్మ తప్ప. ఆమెను ఊరొదిలి పొమ్మని అతను చెప్పాడు. ఆమె వెళ్ళాక ఊరు మునిగింది, జనం మొసళ్ళయ్యారు. ఇప్పటికీ ఆ మొసళ్ళను పూర్వీకులని మొక్కి మాంసం పెడతారు. గిన్నెడు చన్నీళ్ళిచ్చినవాడికి ప్రతిఫలం పోదన్న యేసు మాట మా పాస్టరు అయ్యగారు ఎన్నిసార్లు చెప్పారో! ఇంత భయంగా ఎప్పుడూ వినలేదు.

డ్రైవరు నీళ్ళవైపు చూస్తూ గైడును అడిగాడు, "వచ్చినవాడు మెరీనా అయితే ముసలమ్మ ఇచ్చేదా?"

గైడు నవ్వాడు. "ఆమె ఇచ్చేది. తక్కినవాళ్ళే, ఎవరొచ్చినా ఇచ్చేవాళ్ళు కాదు," అన్నాడు.