కండెలు ఎవరు చుట్టారే?

బుధవారం. రాత్రి పదకొండు కావస్తోంది.

పొద్దున నాలుగున్నరకే లేచాను. మా వీధిలో రికార్డింగ్‌కి పనికొచ్చేది ఆ ఒక్క గంటే. ఐదున్నరకి పక్కింటి మోటరు మొదలవుతుంది, ఆరింటికి పాలబండి, ఆ తర్వాత గుడి మైకు. ఫ్యాను ఆపి, కిటికీకి రెండు బొంతలు కట్టి కూర్చుంటే పావుగంటలో చెమటతో తడిసిపోతాను. అయినా ఆ గంటంటే నాకు ప్రాణం. ఊరంతా నిద్రపోతుంటే, ఎక్కడో ఎవరో వింటారన్న నమ్మకంతో మెల్లగా మాట్లాడుకుంటూ పోవడం.

చేతిపనుల మీద ఆడియోలు చేయడం మొదలుపెట్టి రెండేళ్లయింది. కుమ్మరి సారె, ఈతాకు చాపలు, కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర, ఇప్పుడు మంగళగిరి మగ్గం. మొత్తం ఇరవై ఆరు భాగాలు. సాయంత్రం ట్యూషన్లతో ఇల్లు గడుస్తుంది. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణా ఉండాలి. నాకున్నది 312 మంది. ఆ లెక్క చూడటం మానేసి చాలాకాలమైంది. మానలేనిది ఇంకొకటుంది, వినేవాళ్లు ఏ సెకను దగ్గర వదిలేసి వెళ్లిపోయారో చూపించే గీత. అర్ధరాత్రి మెలకువ వచ్చినా ఫోను తీసి అదే చూస్తాను.

మగ్గం భాగం పెట్టి తొమ్మిది రోజులు. 58 మంది విన్నారు. నలభయ్యో సెకను దగ్గర గీత ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. ఎడిటింగ్ తెలిసిన కుర్రాడొకడు, నా దగ్గర చదువుకున్నవాడే, “అక్కా, మొదటి ఐదు సెకన్లలో పట్టుకోకపోతే ఎవరూ ఆగరు. ముప్పై సెకన్ల ముక్కలు చెయ్యి” అన్నాడు. చేశాను. మగ్గంలో అడ్డదారాన్ని మోసుకెళ్లే నాడె అటూ ఇటూ దూసుకుపోయే ముక్క ఒకటి పెడితే పదకొండు వేలమంది చూశారు. వాళ్లలో అసలు భాగం దాకా వచ్చినవాళ్లు నలుగురు. పదకొండు వేలమందీ తమకి కావలసింది చూసుకుని వెళ్లారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. నాకు కావలసింది అది కాదని తెలియడానికి మాత్రం పనికొచ్చింది.

మొన్న మంగళగిరి నుంచి బాబాయి ఫోను చేశాడు. సొంత బాబాయి కాదు, నాన్నకి స్నేహితుడు. ఆ భాగం ఆయన మగ్గం దగ్గర రికార్డు చేసిందే. “బానే ఉందమ్మా, కానీ మోతలో సగం వినపడలా” అన్నాడు. ఆ మాట రెండ్రోజులు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ తొమ్మిదింటికి గుంటూరు బస్సెక్కి వెళ్లాను, వాళ్లు వినే చోటే నేనూ కూర్చుని విందామని.

ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఫోను మగ్గం కొయ్యకి వేలాడదీసిన గుడ్డసంచిలో ఉంది. పెట్టమంటే పెట్టాడు, పని మాత్రం ఆపలేదు. ఆపొద్దనే నేనూ అన్నాను. తాడు లాగితే నాడె అటు పోతుంది, పలక వచ్చి పోగుని ఠక్కున కొడుతుంది, కాలు మారుతుంది, నాడె ఇటు వస్తుంది. నా గొంతు ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య సందుల్లోంచి వస్తోంది. మొదట పర్వాలేదు, మాట తెలుస్తోంది. అంతలో పిల్లనగ్రోవి మొదలైంది.

ఆ సంగీతం నేనే వెతికి వెతికి పెట్టాను. ఇంట్లో హెడ్‌ఫోన్లలో వింటే మాట వెనక పల్చగా పొగమంచులా ఉండేది. ఇక్కడ, రూపాయి బిళ్లంత కూడా లేని ఫోను స్పీకరులో, మందమైన శబ్దాలన్నీ పోయి, నా గొంతూ పిల్లనగ్రోవీ ఒకే ఇరుకు సందులో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పైన మగ్గం దెబ్బ.

“ఆ ఊదుడు తీసెయ్యమ్మా, నువ్వేం చెప్తున్నావో విననీ” అన్నాడు బాబాయి.

ఫోను తీసి చూశాను. నలభై రెండో సెకను. గీత కింద పడిన చోటే. ఇన్నాళ్లూ నా మాట పట్టుకోలేకపోయిందనుకుని బాధపడ్డాను.

కొంచెంసేపటికి నాడెలో కండె, అంటే దారం చుట్టి పెట్టే చిన్న గొట్టం, అయిపోయింది. ఇంకో కండె పెట్టడానికి మగ్గం ఆగింది. ఆ పది సెకన్లలో నా వాక్యం ఒకటి పూర్తిగా, శుభ్రంగా వినపడింది. మళ్లీ మగ్గం కదిలింది. “ఇందాక చట్టం ఏదో చెప్పావే, ఏ సంవత్సరం?” అన్నాడు. కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలి, మరమగ్గాల మీద నేయకూడదని 1985లో వచ్చిన చట్టం అది. ఆ భాగం మొత్తంలో ఆయన బతుక్కి అన్నిటికన్నా దగ్గరి విషయం. దాన్ని ఒక్కసారి, గబగబా చెప్పి దాటేశాను. వెనక్కి జరిపి విందామంటే ఆయన రెండు చేతులూ మగ్గానికి కట్టుబడి ఉన్నాయి.

అయిపోయాక పిన్ని మాట్లాడింది. ఆవిడ అప్పటిదాకా గుమ్మం దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తల కూడా ఎత్తలేదు.

“అంతా బానే చెప్పావు గానీ, కండెలు ఎవరు చుట్టారే?”

నాకు నోట మాట రాలేదు. ఇరవై రెండు నిమిషాల భాగంలో ఆవిడ లేదు. నేసేవాడి కాలు, నేసేవాడి చెయ్యి, నేసేవాడి లెక్క. దారం చిలప నుంచి, అంటే నూలు చుట్ట నుంచి, కండెకి ఎక్కకపోతే నాడెలో పెట్టేదేముంది? ఆ సంగతి నాకు తెలియక కాదు. రికార్డు చేసిన రోజు కూడా ఆవిడ అక్కడే, అదే గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

ఇంకో సంగతి అప్పుడు ఆవిడకి చెప్పలేకపోయాను. రికార్డింగులో వెనకాల కిర్రుకిర్రుమని శబ్దం ఉందని శుభ్రం చేశాను. అది ఎలా చేస్తామంటే, తీసేయాల్సిన శబ్దం విడిగా ఉన్న రెండు సెకన్ల ముక్కని ఎంచి సాఫ్ట్‌వేర్‌కి చూపించాలి. ఇదీ రొద, ఇలాంటిది ఎక్కడున్నా తుడిచెయ్యి అని. నేను ఎంచిన రెండు సెకన్లు ఆవిడ రాట్నమే.

ఫోను తీసి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను. “ఇప్పుడు చెప్పు పిన్నీ” అంటే “నేనేం చెప్తానే” అంటూనే అరగంట చెప్పింది. దారం నడిచీ నడిచీ చూపుడువేలి మీద పడిన గాడిలో నా వేలు పెట్టించింది. గోరు పక్కన గట్టిగా, నున్నగా ఉంది. కండె వదులుగా చుడితే నాడెలో దారం చిక్కుపడుతుందనీ, బిగుతైతే తెగుతుందనీ, బాబాయి మగ్గం ఆగిన చప్పుడు బట్టే తన తప్పో ఆయన తప్పో తెలిసిపోతుందనీ చెప్పింది. ఆయన మగ్గంలోంచే నవ్వాడు. కాదని మాత్రం అనలేదు.

తిరుగు బస్సులో మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియో స్టేషన్లో ఉషశ్రీ గారి పురాణ ఉపన్యాసం వస్తుంటే, చింతపండు గింజలు తీస్తూ వినేది. ఉత్త చేతులతో కూర్చుని రేడియో విన్న నాయనమ్మని నేనెప్పుడూ చూడలేదు. ఆయన గొంతు ఆ పనికి అడ్డు వచ్చేది కాదు, దానితోపాటు నడిచేది. నేనేమో చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినే మనిషి ఎవరో ఉన్నారనుకుని ఇన్నాళ్లూ చేశాను.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత ఆడవాళ్లు నడిపే సంఘం రేడియో గురించీ ఆలోచించాను. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా ఊళ్లలోని సంఘాలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. వీళ్ల ప్రసారం మొదలైంది 2008 అక్టోబరు 15న. అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు ఊరుకోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం మీటింగులకి పట్టుకెళ్లి వినిపించారు. ఎవరు వింటున్నారో ఎదురుగా కనపడేది. లైసెన్సు వచ్చాక ప్రసారానికి పెట్టుకున్నది కూడా సాయంత్రం వేళనే, పొలం నుంచి ఇంటికి చేరాక. వినేవాళ్లు ఎక్కడున్నారని నేను గీతలో వెతికాను. వాళ్లు క్యాసెట్టు చంకన పెట్టుకుని నడిచి వెళ్లారు. నాకు బస్సులో గంట కూడా పట్టని దూరం వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని వినడానికి రెండేళ్లు పట్టింది.

ట్యూషన్లు ఎనిమిదింటికి అయ్యాయి. పిల్లలకి లెక్కలు చెప్తున్నానన్న మాటే గానీ చెవిలో రాట్నమే.

అన్నం తిని కూర్చున్నాను. పిల్లనగ్రోవి మొత్తం తీసేశాను. చట్టం సంగతి రెండు చోట్ల, నింపాదిగా మళ్లీ చదివాను. ఈ వేళప్పుడు దూరంగా రైలు కూత పడింది, ఉండనిచ్చాను. శుభ్రం చేయని పాత ఫైలు డిస్కులో ఇంకా ఉంది, చెరిపేయనందుకు దండం పెట్టుకోవాలి. మొదట్లో నా గొంతు తీసేసి, ఆరు సెకన్లు రాట్నం ఒక్కటే పెట్టాను. ఆ తర్వాత పిన్ని, “నేనేం చెప్తానే” దగ్గర్నుంచి. బాబాయి మగ్గం ఆవిడ తర్వాతే వస్తుంది.

ఫోను స్పీకరులో పెట్టి, వంటింట్లో కుళాయి తిప్పి, గిన్నెలు తోముతూ విన్నాను. మాట పోలేదు.

పదీ నలభైకి పిన్ని నంబరుకి పంపాను. ఒక్క టిక్కే పడింది. నెట్ ఆపేసి పడుకుని ఉంటారు, ఐదింటికల్లా మగ్గం దగ్గర కూర్చోవాలి కదా.