గండిపేటకు ఎగువన

లంగర్‌హౌజ్‌లో పెరిగిన నాకు మూసీ అంటే బాపూఘాట్ దగ్గర ఈసీ నదిని కలుపుకొని, నురగలు కక్కుతూ, ముక్కు మూసుకొని దాటవలసిన నది. అది పుట్టే అనంతగిరి కొండల దిగువ పల్లెల్లో వాననీటిని వాలు మీదే ఆపి ఇంకించే వాటర్‌షెడ్ పనులూ, బడిపిల్లలకు పర్యావరణ పాఠాలూ కలిపి సాగుతున్నాయని తెలిసి, స్వచ్ఛంద సేవకురాలిగా పేరు ఇచ్చి, జూన్‌లో బడులు తెరిచాక మెహిదీపట్నంలో వికారాబాద్ బస్సు ఎక్కాను.

మహాలక్ష్మి పథకం వల్ల నాకు జీరో టికెట్టే గానీ, చేవెళ్ళ దాకా నిలబడే వెళ్ళవలసి వచ్చింది. మొయినాబాద్ దాటేవరకు రోడ్డుకు రెండు వైపులా ప్లాట్ల బోర్డులే. గండిపేట, హిమాయత్‌సాగర్‌ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో వచ్చింది. ఆ బోర్డులను చూస్తుంటే రెండో జీవో కోసం ఎందరు ఎంతకాలం కాచుకొని ఉన్నారో అర్థమవుతుంది. చేవెళ్ళ మర్రిచెట్ల కింద మాత్రం కాసేపు ఊపిరి ఆడింది. వికారాబాద్ బస్టాండు నుంచి ఊరికి ఆటో నాలుగు వందలు. సెలవు రోజుల్లో రిసార్టులకు వచ్చే పట్నంవాళ్ళు ఇచ్చే ధరే ఇప్పుడు అందరికీ ఖాయమైపోయిందని, ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళు కూడా అంతే ఇచ్చుకోవలసి వస్తోందని తెలిసి మనసు చివుక్కుమంది.

ఊరి పైనున్న గుట్ట వాలులో ఉపాధి హామీ కూలీలు కందకాలు తవ్వుతున్నారు. వారి మేట్‌గా ఉండి పని చూసుకునే అక్క చేతిలో ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో బిగించిన మూడు కర్రలు, పైకొన నుంచి దారానికి వేలాడే రాయి ఉన్నాయి. దారం అడ్డకర్ర నడిమి గీత మీదికి వచ్చిందంటే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా ఒక కాలు నిలిపి మరో కాలు తిప్పుతూ ఆమె వాలుకు అడ్డంగా గుర్తులు పెట్టుకుంటూ పోతే, వెనుక కూలీలు తవ్వి, మట్టిని దిగువ అంచున గట్టుగా పోస్తున్నారు. "ఉరికే నీళ్ళను నడిపియ్యాలె, నడిచే నీళ్ళను ఆపాలె, ఆగిన నీళ్ళను ఇంకియ్యాలె మేడం" అని, వాటర్‌షెడ్ శిక్షణల్లో అందరూ చెప్పే మాటనే ఆమె కర్ర తిప్పుతూ చెప్పినప్పుడు అది నాకు మొదటిసారి పనిగా కనిపించింది. పై వాలును వదిలేసి కింద చెరువు పూడిక ఎంత తీసినా, రెండు వానలకే మళ్ళీ ఎర్రమట్టి వచ్చి చేరుతుంది. హైదరాబాద్‌లో మేము చెరువు ఒడ్డున చెత్త ఏరి, ఫొటో దిగి ఇంటికి వెళ్తాం. ఆ చెరువులోకి నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూడటానికి ఎవరమూ పైకి నడవం.

మధ్యాహ్నం బడిలో పాఠం. అడ్డంగా కోసిన రెండు సీసాల్లో మట్టి నింపి, ఒకదానిలో గడ్డి మొలిపించి ఉంచారు. రెండింటి మీదా ఒకే కొలత నీరు పోస్తే, ఉత్తమట్టి సీసా నుంచి ఎర్రటి బురద ఒక్కసారిగా దూకింది. గడ్డి సీసా నుంచి దాదాపు తేటగా, నిదానంగా కారింది. అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "టీచర్, పట్నంల మీరు తాగేది మా నీళ్ళేనా?" అని అడిగింది. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టాక చాలాకాలం మీ నీళ్ళే తాగామని, ఇప్పుడు ఎక్కువ భాగం కృష్ణా, గోదావరుల నుంచి వంద కిలోమీటర్లకు మించిన దూరం మోటార్లతో తోడుకుంటున్నామని చెప్పాను. "దగ్గరున్న నీళ్ళు ఇడిసిపెట్టి గంత దూరం కెల్లి ఎందుకు తెచ్చుకుంటున్రు?" అంది. నగరం పెరిగిందన్నది నిజమే గానీ, అది ఆ ప్రశ్నకు సగం జవాబే.

ఎగువ చెరువులను, నీటి దారులను పట్నం పట్టించుకోకపోవడం మిగతా సగం. అది చెప్పడానికి వాళ్ళకు 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరద కథ ఎత్తుకున్నాను. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. ఊరి చెరువు కట్ట బాగుంటే ఊరికి పంట, దిగువన నగరానికి రక్షణ. కట్ట తెగితే ఇద్దరికీ నష్టమే. మనది ఒకే పరీవాహక ప్రాంతమని నల్లబల్ల మీద గీసి చూపించాను.

బడి వదిలాక పిల్లలు తమ చెరువు చూపించారు. కట్ట, తూము, అలుగు బాగానే ఉన్నా, గుట్ట నుంచి నీరు తెచ్చే కాలువకు అడ్డంగా కొత్త ఫామ్‌హౌస్ ప్రహరీ లేచింది. పట్నం నుంచి వచ్చినవారెవరో కట్టారట; వినగానే సిగ్గూ కోపమూ కలిగాయి. పైన కూలీలు ఎండలో ఇంకించి నిదానంగా వదిలే నీటిని కింద ఒక్క గోడ పక్క పొలంలోకి మళ్ళిస్తోంది. పిల్లలు టేపుతో కాలువ పొడవునా కొలిచి పటం గీశారు, గోడ ఉన్నచోట ఎర్ర స్కెచ్‌తో గుర్తు పెట్టారు. పంచాయతీ తీర్మానానికి ఆ పటాన్ని జతచేసి తహసీల్దారుకు ఇస్తామని ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకున్నారు. నాట్లు మొదలయ్యేలోగా ఆ కాలువ తెరుచుకోవాలి. అర్జీ ఇచ్చే రోజున పట్నం తరఫున నేనూ వారితో వెళ్తున్నాను.